అప్‌డేట్ విఫలమై ల్యాబ్ రెండు రోజులు ఆగిపోయింది: ఇకపై అప్‌డేట్లన్నీ ఆపివేయడమే పరిష్కారమా?

పెన్నాతీరం
నెల్లూరులో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో నాణ్యతా విభాగం చూస్తుంటాను. ఎగుమతికి వెళ్ళే రొయ్యలలో యాంటీబయోటిక్ అవశేషాలు ఉన్నాయేమో పరీక్షించడం మా పని. పోయిన మంగళవారం రాత్రి ఎల్‌సీ-ఎంఎస్ యంత్రంలో (నమూనాలోని రసాయనాలను వేరుచేసి కొలిచేది) 46 వయల్స్, అంటే చిన్న నమూనా సీసాలు, పెట్టి, తెల్లవారేసరికి రన్ పూర్తవుతుందని మా కెమిస్టు ఇంటికి వెళ్ళాడు. అర్ధరాత్రి దాటాక యంత్రానికి కలిపి ఉన్న కంప్యూటర్ విండోస్ అప్‌డేట్ వేసుకుని తనంతట తానే రీస్టార్ట్ అయింది. 19వ వయల్ దగ్గర రన్ ఆగిపోయింది. ఉదయం చూస్తే యంత్రాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటోంది గాని, యంత్రానికి కనెక్ట్ కావడం లేదు.

చెన్నై నుంచి వచ్చిన సర్వీసు ఇంజనీరు రెండు రోజులు కష్టపడి, చివరకు పాత వెర్షన్ ఇక కుదరదని చెప్పి కొత్త వెర్షన్ వేసి వెళ్ళాడు. యంత్రం నడుస్తోంది. అయితే ఒక పాత నమూనాను కొత్త వెర్షన్‌లో తిరిగి లెక్కించి చూస్తే క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయోటిక్ విలువ 0.13 నుంచి 0.14కు మారింది. యూరప్‌కు పంపే సరుకులో కిలోకు 0.15 మైక్రోగ్రాములు వస్తే అక్కడి అధికారులు చర్య తీసుకుంటారు కాబట్టి, రెండో దశాంశంలో తేడాయే కదా అని తీసిపారేయలేను. మూడు వారాలలో ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ అసెసర్లు తనిఖీకి వస్తున్నారు. మా యజమాని మాత్రం ఇకమీదట ఏ కంప్యూటర్‌లోనూ అప్‌డేట్ అన్న మాట వినపడకూడదంటున్నారు. ఇది సరైన నిర్ణయమేనా? కాకపోతే ఆయనకు ఏమని చెప్పి ఒప్పించాలి?

ఒంగోలుగిత్త
మీ యజమాని చెప్పినదే సరైనది. మా గ్రానైట్ యూనిట్‌లో కోత యంత్రాన్ని నడిపే కంప్యూటర్ ఇప్పటికీ విండోస్ 7లోనే ఉంది. నెట్ తీగ పీకేసి ఆరేళ్ళయింది, ఒక్క రోజు కూడా ఆగలేదు. దారిన పోతున్న ఎద్దును ముల్లుగర్రతో పొడవడం దేనికి?

లెడ్జర్‌బాబు
గిత్త గారూ, మీ పలక కొనేవాడు పలకను చూసి కొంటాడు, దానిని కోసిన కంప్యూటర్ చరిత్ర అడగడు. పెన్నాతీరం గారి రిపోర్టు కొనేవాడు ఆ చరిత్రనే కొంటున్నాడు. పైగా విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14నే ముగిసింది.

నేను ఒంగోలులో ఒక సహకార బ్యాంకులో కంప్యూటర్ విభాగం చూస్తాను. 2017లో ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు, అది దూరిన కంతను పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చేసింది. దాడి మొదలైనది మే 12న. నడుమ రెండు నెలల గడువు ఉన్నా, ప్యాచ్ వేస్తే ఏమి చెడుతుందోనన్న భయంతో వాయిదా వేసుకున్నవారు ఎందరో చిక్కుకున్నారు. బ్రిటన్‌లో ఆసుపత్రులు ముందే ఖరారైన ఆపరేషన్లను రద్దు చేసుకోవలసి వచ్చింది. వేస్తే వచ్చే ప్రమాదం ఒక్కటే మీ యజమానికి కనిపిస్తోంది. వేయకపోతే వచ్చేది ఆయన లెక్కలోకి ఇంకా రాలేదు.

ఒంగోలుగిత్త
నెట్ తీగ లేదని చెప్పాను కదా, వైరస్ గాలిలో వస్తుందా?

స్కాన్‌గది
పెన్ డ్రైవ్‌లో వస్తుంది. మీ సర్వీసు మనిషి డిజైన్ ఫైళ్ళు దేనిలో తెస్తాడో ఒకసారి చూడండి.

కావలి_క్వాలిటీ
హైదరాబాదులో ఒక మందుల కంపెనీలో కంప్యూటర్ వ్యవస్థల వ్యాలిడేషన్, అంటే అవి సరిగా పనిచేస్తున్నాయని పరీక్షించి రుజువు చేసే పని చేస్తాను. అప్‌డేట్లు వేయాలా ఆపాలా అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న వేరే ఉంది: కొత్త వెర్షన్ వేసిన నాటి నుంచి ఈ రోజు వరకు దానితో ఎన్ని రిపోర్టులు బయటకు వెళ్ళాయి? ఆ సంఖ్య తెలిసేవరకు మిగతా చర్చంతా పక్కన పెట్టవలసిందే. ఇప్పటికైనా ఆ యంత్రం మీద కొత్త రిపోర్టులు ఆపి, జరిగినదంతా తేదీలతో, సమయాలతో డీవియేషన్‌గా (పద్ధతి తప్పిన ఘటనగా) నమోదు చేయండి. ఇంజనీరు సర్వీసు కాగితం మీద 'సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడెడ్, వర్కింగ్ ఓకే' అని రాసి వెళ్ళి ఉంటాడు. యంత్రం కదులుతోందనడానికి తప్ప అది దేనికీ రుజువు కాదు.

ఆగిపోయిన 46 వయల్స్ విషయంలో, మొదటి 18 బాగానే నడిచాయి కాబట్టి మిగిలినవి మాత్రమే పెట్టి రెంటినీ కలుపుదామని మీ కెమిస్టు అనవచ్చు. ఒప్పుకోకండి. చివర పెట్టవలసిన స్టాండర్డులు (విలువ ముందే తెలిసిన నమూనాలు) నడవకుండానే రన్ తెగింది కాబట్టి, ఆ 18 వచ్చేనాటికి యంత్రం నిలకడగా ఉందని చెప్పడానికి ఆధారం లేదు. మొత్తం 46 మళ్ళీ మొదటి నుంచి చేయాలి. తెగిపోయిన రన్ ఫైళ్ళను మాత్రం చెరిపివేయకూడదు. ఆడిట్ ట్రెయిల్‌లో (ఎవరు ఎప్పుడు ఏమి చేశారో కంప్యూటర్ రాసుకునే చిట్టాలో) ఖాళీ కనబడితే తెగిన రన్ కంటే అదే పెద్ద తప్పవుతుంది.

0.13, 0.14 సంగతికి వస్తే, ఒక్క నమూనాతో ఏదీ తేలదు. పాత వెర్షన్‌లో లెక్కించిన ముడి ఫైళ్ళను ఒక 30 దాకా తీసుకుని కొత్త వెర్షన్‌లో అదే మెథడ్‌తో (లెక్కింపు అమరికతో) లెక్కించండి. ఎంత తేడా వరకు ఒప్పుకుంటారో ఫలితం చూడకముందే కాగితం మీద రాసి సంతకం చేయించండి, ఎందుకంటే ఫలితం చూశాక రాసిన హద్దు ఎప్పుడూ ఆ ఫలితానికి సరిపోయేలాగే ఉంటుంది. ఫైళ్ళను ఎంచుకునేటప్పుడు నిలువుగా, అందంగా వచ్చిన పీకులను (గ్రాఫులో పదార్థం ఉన్నచోట లేచే శిఖరాలను) తీసుకోకండి. వాటి దగ్గర ఏ వెర్షనైనా ఒకే జవాబు చెబుతుంది. బేస్‌లైన్ (పీకు కింది గీత) వంకరగా ఉన్నవి, పక్క పీకుతో అంటుకున్నవి, 0.15 దగ్గర ఉన్నవి, అసలేమీ లేని బ్లాంకులు తీసుకోండి. తేడా అంతా వాటి దగ్గరే బయటపడుతుంది.

ఉలవపాడు_మామిడి
కావలి గారు చెప్పిన పనికి ముందు ఒక జాగ్రత్త. పాత ఫైళ్ళను నేరుగా కొత్త వెర్షన్‌లో తెరవకండి, నకళ్ళు చేసుకుని వాటినే తెరవండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు తెరిచీ తెరవగానే ఫైలును కొత్త రూపానికి మార్చేస్తాయి, ఆ తరువాత పాత వెర్షన్ వాటిని చదవలేదు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టినట్టే, ఒక్కసారి చాలు.

పెన్నాతీరం
కొత్త వెర్షన్‌తో వెళ్ళిన రిపోర్టులు 11 అని ఈ ఉదయం లెక్క తేలింది. కొత్తవి ఆపివేశాము. నకళ్ళు చేయించాము. పాత స్థితికి వెళ్ళడానికి ఆ కంప్యూటర్ ఇమేజ్ (డిస్కు మొత్తానికి తీసిన నకలు) ఏదైనా ఉందా అని వెతికితే, యంత్రం కొన్నప్పుడు తీసినది ఒకటి బీరువాలో దొరికింది. అది మూడేళ్ళ కిందటిది. దాని మీద నా కంటే ముందు పనిచేసినవారి చేతిరాతతో 'ముఖ్యం' అని ఉంది.

స్కాన్‌గది
ఆ ఇమేజ్ మీద ఇప్పుడే ఆశ పెట్టుకోకండి. నేను నెల్లూరులో ఒక ఆసుపత్రిలో స్కానింగ్ విభాగపు కంప్యూటర్లు చూస్తాను. ఒక కన్సోల్‌కు మేము ప్రతి శుక్రవారం శ్రద్ధగా ఇమేజ్ తీసేవాళ్ళం, రిజిస్టరులో సంతకాలు కూడా ఉండేవి. ఒకరోజు డిస్కు పోయింది. కొత్త డిస్కులోకి ఇమేజ్ ఎక్కించాము, విండోస్ లేచింది, కాని స్కానర్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు పాత డిస్కు నంబరుకు ముడిపడి ఉందట. తయారీదారు కొత్త కీ పంపేవరకు నాలుగు రోజులు రోగులను వేరే సెంటర్లకు పంపాము. రెండేళ్ళపాటు ఇమేజ్‌లు తీశాము గాని, తిరిగి ఎక్కించి చూసినది మాత్రం ఒక్కసారి కూడా లేదు. ఆ రిజిస్టరు చూసిన ఆడిటర్లందరూ మమ్మల్ని మెచ్చుకున్నారు కూడా.

ఇప్పుడు ఆరు నెలలకొకసారి వేరే డిస్కు బిగించి, ఇమేజ్ ఎక్కించి, ఫాంటమ్ స్కాన్ (రోగికి బదులు పరీక్ష వస్తువును పెట్టి తీసేది) తీసి, ఎంతసేపు పట్టిందో రాస్తున్నాము. మొదటిసారి ఏడు గంటలు పట్టింది, పోయినసారి రెండున్నర.

లెడ్జర్‌బాబు
అందుకే నేను ఎప్పుడూ ఒకటే చెబుతాను: అప్‌డేట్ చెడితే ఆలోచించకుండా వెంటనే వెనక్కి వెళ్ళాలి. కారణం తరువాత వెతుక్కోవచ్చు.

ముత్తుకూరు_టర్బైన్
లెడ్జర్‌బాబు గారూ, 'ఆలోచించకుండా' అన్న మాటతో నేను ఏకీభవించలేను. కృష్ణపట్నం వైపు విద్యుత్ కేంద్రాలలో కంట్రోల్ వ్యవస్థల పని కాంట్రాక్టు మీద చేస్తుంటాను. వెనక్కి వెళ్ళడం కూడా ఒక మార్పే, దానినీ పరీక్షించి ఉండాలి. మీ బ్యాంకుల చరిత్రలోనే ఇందుకు ఉదాహరణ ఉంది. 2012 జూన్‌లో బ్రిటన్‌లో ఆర్‌బీఎస్ బ్యాంకు రాత్రిపూట లావాదేవీలను వరుసలో నడిపే సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వేసింది. ఇబ్బందులు కనబడగానే, తీసివేస్తే ఏమవుతుందో పరీక్షించకుండానే దానిని తీసివేశారు. పాత వెర్షన్, కొత్తది నడిపి వదిలిన పనులతో పొసగలేదు. లక్షల మంది ఖాతాలలో నిల్వలు సరిగా కనిపించక, జీతాలు, చెల్లింపులు వారాల తరబడి అస్తవ్యస్తమయ్యాయి. 2014లో అక్కడి రెండు నియంత్రణ సంస్థలు కలిపి 5.6 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి.

2012లోనే ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ ఎక్కించి, ఒకదానిని మరిచిపోయింది. ఆ ఎనిమిదో సర్వర్‌లో ఏనాడో వాడుక మానేసిన పాత కోడ్ మేల్కొని ఇష్టం వచ్చినట్టు ఆర్డర్లు పంపసాగింది. మార్కెట్ తెరవకముందే 97 హెచ్చరిక ఈమెయిళ్ళు వచ్చాయి, ఎవరూ పట్టించుకోలేదు. గాబరాలో వాళ్ళు చేసినదేమిటంటే, సరిగ్గా ఉన్న ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్‌ను తీసివేయడం. దానితో ఎనిమిదీ తప్పుగా నడవడం మొదలుపెట్టాయి. 45 నిమిషాలలో 44 కోట్ల డాలర్లకు పైగా పోయాయి.

లెడ్జర్‌బాబు
ఆర్‌బీఎస్ సంగతి ఒప్పుకుంటాను. ఆలోచన ముందే చేసి పెట్టుకుని ఉండాలి, ఆ రాత్రి కూర్చుని చేసేది కాదు అన్నది నా ఉద్దేశం. ఎవరు నిర్ణయిస్తారు, ఎన్ని గంటల లోపు, ఏ గీత దాటితే ఇక వెనక్కి వెళ్ళలేము అన్న మూడూ రాసి లేకపోతే, తెల్లవారుజామున మూడింటికి ఫోన్ ఎత్తినవాడే నిర్ణయాధికారి అవుతాడు.

ఒంగోలుగిత్త
ఇన్ని కథలు చెప్పినా తేలినది ఒకటే. అప్‌డేట్ వేసినవాళ్ళే మునిగారు. 2024లో విమానాలు ఆగిపోయిన రోజు మరిచారా?

లెడ్జర్‌బాబు
మరిచిపోలేదు, ఆ రోజు శుక్రవారం. జూలై 19న మన వేళ ప్రకారం ఉదయం 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ తన రక్షణ ప్రోగ్రాముకు లోపమున్న ఒక ఫైలును విడుదల చేసింది, 10:57కు వెనక్కి తీసుకుంది. ఆ 78 నిమిషాలలో వచ్చిన ఫైలుతో దెబ్బతిన్న విండోస్ యంత్రాలు దాదాపు 85 లక్షలని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. మన దేశంలో 10 బ్యాంకులు, ఆర్థిక సంస్థలలో స్వల్ప అంతరాయాలే కలిగాయని రిజర్వు బ్యాంకు ప్రకటించింది.

అందులో అందరికీ పాఠమైన సంగతి ఇంకొకటి ఉంది. జాగ్రత్తపరులైన ఖాతాదారులు చాలామంది కొత్త వెర్షన్‌ను కాదని ఒక వెర్షన్ వెనుక ఉండే అమరిక పెట్టుకున్నారు. అయినా పడిపోయారు. ఆ అమరిక ప్రోగ్రాము వెర్షన్‌కే వర్తించింది గాని, దాడుల గుర్తులతో తరచూ వచ్చే కంటెంట్ ఫైళ్ళకు వర్తించలేదు. కొత్త ఫైలులోని నిర్వచనం 21 విలువలు కోరితే ప్రోగ్రాము 20 మాత్రమే అందించింది, లేని ఇరవై ఒకటోదాని కోసం చదవబోయి యంత్రం కూలింది. కాబట్టి 'అప్‌డేట్లు ఆపివేశాము' అని మీ యజమాని అన్నప్పుడు, ఏ అప్‌డేట్లు అని అడగండి. విండోస్, యాంటీవైరస్, దానికి వచ్చే దాడుల గుర్తుల ఫైళ్ళు, యంత్రపు సాఫ్ట్‌వేర్, ప్రింటర్ డ్రైవర్: ఒక్కొక్కటి ఒక్కొక్క తలుపు నుంచి వస్తుంది.

స్కాన్‌గది
ఆ రోజు బాగుచేయడం కూడా ఒక్కొక్క యంత్రం దగ్గరకు నడిచి వెళ్ళి చేయవలసి వచ్చింది. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఆ ఫైలును తొలగించాలి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. ఆ కీలన్నీ ఉన్న సర్వర్ కూడా పడిపోయిన చోట్ల పరిస్థితి ఊహించుకోండి. పెన్నాతీరం గారూ, మీ కీలు ఎక్కడున్నాయో ఈ రోజే చూడండి.

ఉలవపాడు_మామిడి
ఆ ఉదయం మా ఆఫీసులో కరెంటు లేదు, జనరేటరులో డీజిలూ లేదు. పదకొండున్నరకు కంప్యూటర్లు వేశాము, ఒక్కటీ చెడలేదు. ఆ నెల మా మేనేజరు దానిని 'దశలవారీ అమలు విధానం' అని పై వాళ్ళకు నివేదించాడు.

ముత్తుకూరు_టర్బైన్
నవ్వులాటగా అన్నా, ఆ మాటలో విషయముంది. ఆలస్యమే రక్షించింది. మా దగ్గర దానినే ఉద్దేశపూర్వకంగా చేస్తాము. కంట్రోలర్లు జంటగా ఉంటాయి కాబట్టి వార్షిక మరమ్మతుల షట్‌డౌన్‌లో మొదట స్టాండ్‌బైకి వేసి, భారం దాని మీదకు మార్చి చూసి, ఆ తరువాతే రెండోదానిని ముట్టుకుంటాము. అంతకుముందు తయారీదారు తన టెస్ట్ బెంచ్ మీద ఆ ప్యాచ్ నడిపి ఇచ్చిన జాబితాలో లేకపోతే షట్‌డౌన్‌లోనూ వేయము. అయితే ఒక్క యంత్రం, ఒక్క కంప్యూటర్ ఉన్న ల్యాబ్‌కు ఈ సౌకర్యం లేదని నాకు తెలుసు.

పెన్నాతీరం
నిజంగా మాకు ఒక్కటే ఉంది. జంట యంత్రం కొనమంటే మా యజమాని నన్నే అమ్మేస్తారు. మరొక సందేహం: ఇది జరిగిన ఆరు గంటల లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని, మేము గడువు దాటించామని ఒక మిత్రుడు భయపెడుతున్నాడు.

ఎర్రసిరా
2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆదేశాలలో ఆరు గంటల గడువు సైబర్ ఘటనలకు ఉద్దేశించినది. వాటి జాబితాలో దాడులు, చొరబాట్లు, సమాచార లీకులు వంటివి ఉన్నాయి. విండోస్ అప్‌డేట్ వేసుకుని యంత్రంతో పొసగకపోవడం దానంతట అదే ఆ జాబితాలోకి రాదు. మీ మిత్రుడు ఊరికే నిద్ర చెడగొట్టాడు.

నేను కొన్నేళ్ళుగా ల్యాబ్‌లకు ఇంటర్నల్ ఆడిట్లు చేస్తున్నాను. పరీక్షా ల్యాబ్‌ల ప్రమాణం ఐఎస్ఓ 17025 2017 కూర్పులో 7.11 క్లాజు మీకు సంబంధించినది. సాఫ్ట్‌వేర్‌లో ఏ మార్పైనా అమలుకు ముందే అనుమతి పొంది, నమోదై, వ్యాలిడేట్ అయి ఉండాలంటుంది. దాని కింద బజారులో దొరికే సాఫ్ట్‌వేర్‌ను దాని పరిధిలో వాడితే తగినంత వ్యాలిడేట్ అయినట్టే భావించవచ్చని ఒక గమనిక ఉంది, ల్యాబ్‌లన్నీ ఆ గమనికను గొడుగులా పట్టుకుంటాయి. ఆ గొడుగు మీ మెథడ్ సెట్టింగుల మీదకు రాదు. పీకును ఎలా కొలవాలో మీరు పెట్టుకున్న అమరిక మీదే, దాని బాధ్యతా మీదే.

వెళ్ళిన 11 రిపోర్టులకు అదే ప్రమాణంలోని 7.10 క్లాజు ప్రకారం ప్రభావం అంచనా వేయాలి. విలువ మారితే సవరించిన రిపోర్టు ఇచ్చి, ఏమి మారిందో, ఎందుకు మారిందో అందులో స్పష్టంగా రాయాలి. అసెసర్లు వచ్చేలోపు ఇవన్నీ చక్కబెట్టి ఏమీ జరగనట్టు కూర్చోవాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోమనండి. వారంలో రెండు రోజులు రన్‌లు లేని యంత్రాన్ని చూసి కారణం అడగని అసెసర్‌ను నేను ఇంతవరకు చూడలేదు.

కావలి_క్వాలిటీ
ఎర్రసిరా గారి మాటకు ఒక చేర్పు. రెండో యంత్రం కొనలేకపోయినా రెండో కంప్యూటర్ కొనవచ్చు. అది యంత్రానికి తగిలించనక్కరలేదు, పాత ముడి ఫైళ్ళ నకళ్ళ మీద లెక్కింపు చేయడానికి చాలు. ప్రతి అప్‌డేట్ ముందు దాని మీదకు వస్తుంది, మీ వంకర పీకుల 30 ఫైళ్ళూ అక్కడ నడుస్తాయి, తేడా లేకపోతే యంత్రం కంప్యూటర్‌కు వెళుతుంది. యంత్రంతో కనెక్షన్ తెగుతుందేమో ఇది చెప్పదు. దాని కోసం రన్‌లు లేని ఆదివారం, ఎక్కించి చూసిన ఇమేజ్ పక్కన పెట్టుకుని వేయండి. తీవ్రమైన కంత బయటపడి ఆదివారం వరకు ఆగలేమనుకుంటే ఎవరి సంతకంతో ముందే వేయవచ్చో కూడా రాసి పెట్టుకోండి.

ఒంగోలుగిత్త
ఒక ప్యాచ్‌కు ఇన్ని సంతకాలా? మా పెళ్ళికి కూడా ఇన్ని పెట్టలేదు.

ఎర్రసిరా
పెళ్ళికి రోల్‌బ్యాక్ లేదు కాబట్టి అక్కడ ఇంకా ఎక్కువ ఉండవలసింది.

పెన్నాతీరం
అసెస్‌మెంట్ నిన్నటితో ముగిసింది. అడిగినవారి కోసం వివరాలు రాస్తున్నాను.

30 ఫైళ్ళలో 24 మేము ముందుగా రాసుకున్న హద్దులో ఉన్నాయి, ఆరు దాటాయి. ఆరూ కావలి గారు చెప్పినట్టు బేస్‌లైన్ వంకరగా ఉన్నవే. కారణం వెతికితే, మెథడ్‌ను కొత్త వెర్షన్‌లోకి తెచ్చినప్పుడు పీకును నునుపు చేసే సెట్టింగు మా పాత విలువను వదిలేసి తన సొంత విలువ పెట్టుకుందని తేలింది. పాత విలువ తిరిగి పెట్టి, ఎవరూ మార్చకుండా తాళం వేసి మళ్ళీ నడిపితే 30 కూడా హద్దులోకి వచ్చాయి. వెళ్ళిన 11 రిపోర్టులలో రెండింటికి విలువ మారింది, రెండూ 0.15కు లోపలే ఉన్నందున సరుకు నిర్ణయం మారలేదు. సవరించిన రిపోర్టులు పంపాము. ఒక ఎగుమతిదారు ఫోన్ చేసి అరిచాడు, రెండో ఆయన అందుకున్నామని ఒక్క ముక్క రాశాడు.

బీరువాలోని 'ముఖ్యం' ఇమేజ్‌ను స్కాన్‌గది గారి మాట మీద వేరే డిస్కులోకి ఎక్కించి చూశాము. సగం దాకా వెళ్ళి ఆగిపోయింది.

అసెసర్లు అప్‌డేట్ గురించి మా కాగితాలన్నీ చూసి పెద్దగా ఏమీ అనలేదు. వారు రాసిన నాన్ కన్ఫార్మిటీ (ప్రమాణానికి తగ్గట్టు లేని లోపం) వేరే ఉంది: కంప్యూటర్‌లో అప్‌డేట్లు ఏ వేళ రావాలో నిర్ణయించే సెట్టింగు ఏ ఉద్యోగి బాధ్యతలోనూ లేదని. నిజమే, ఆ కంప్యూటర్ కెమిస్టుదని ఐటీ అతను, ఐటీ అతనిదని కెమిస్టు మూడేళ్ళుగా అనుకుంటున్నారు. యజమాని రెండో కంప్యూటర్‌కు ఒప్పుకున్నారు. దానిలో వేయవలసిన సాఫ్ట్‌వేర్‌కు రెండో లైసెన్సు ధర ఇంకా చెప్పలేదు.

లెడ్జర్‌బాబు
లెక్కింపుకు మాత్రమే పనికివచ్చే లైసెన్సు కొందరు తక్కువ ధరకు ఇస్తారు. పూర్తి ధర చెప్పి ఆయనను భయపెట్టేముందు దానిని అడిగి చూడండి.

ఒంగోలుగిత్త
చర్చ పక్కదారి పట్టించడం నా ఉద్దేశం కాదు. మా కోత యంత్రం కంప్యూటర్ డిస్కు రెండు రోజులుగా టిక్కుటిక్కుమంటోంది. ఇమేజ్ తీయాలంటే ముందు దానిని ఆపాలా?

స్కాన్‌గది
ఆపకండి. ఆ శబ్దం చేసే డిస్కు ఆపితే మళ్ళీ లేవకపోవచ్చు. ముందుగా కోత ప్రోగ్రాము ఫోల్డరును, డిజైన్ ఫైళ్ళను బయటి డిస్కులోకి నకలు తీసుకోండి, ఇమేజ్ సంగతి ఆ తరువాత. లైసెన్సు దేనికి ముడిపడి ఉందో, వెనుక డాంగిల్ (లైసెన్సు కోసం గుచ్చే చిన్న పరికరం) ఏదైనా గుచ్చి ఉందో చూసి చెప్పగలరా?